మూరెడు గొట్టం, పదేండ్ల జైలు: అమెరికల పిస్తోలుకు, రైఫిల్‌కు నడుమ గీత ఎక్కడున్నది?

మన ఊర్లల్ల ఇరవై ఏండ్ల పోరగాళ్లను అడిగితె తుపాకుల పేర్లు గడగడ చెప్తరు. ఏకేఎమ్, ఎమ్416, యూజీ, స్కార్పియన్. నిజం తుపాకిని చేతిల పట్టినోళ్లు ఊరు మొత్తంల ఒకరో ఇద్దరో ఉంటరేమో గని, ఫోన్‌ల బీజీఎంఐ ఆడినోళ్లకు దేని గొట్టం ఎంత పొడుగో కూడ ఎరుకే. గా ఆటల ఒక చిత్రమున్నది. స్కార్పియన్ పిస్తోళ్ల ఖానాల ఉంటది. దానికి వెనకాల భుజానికి ఆనించే మడమ తగిలించుకోవచ్చు. తగిలించినంక కూడ అది పిస్తోళ్ల ఖానాలనే ఉంటది.

అమెరికల నిజం పిస్తోలుకు గట్ల మడమ తగిలిస్తె ఖానా మారుతది. ముందుగాల సర్కారు అనుమతి తీసుకోకుంటె పదేండ్ల దాంక జైలు పడొచ్చు. ఆ మనిషి ఎవరినీ కాల్చకపోయినా, బెదిరించకపోయినా, ఆ పిస్తోలును దుకాణంల పైసలిచ్చి న్యాయంగనే కొన్నా సరే. మడమ బిగించుడే నేరం.

గీ సంగతి మీద ఎందుకు రాస్తున్ననంటె, మా దోస్తు కొడుకు ఒకడు టెక్సాస్‌ల ఎమ్మెస్ చదువుతుండు. ఒకరోజు తుపాకుల దుకాణంల తీసిన ఫొటో పంపిండు. "కాకా, ఇది చూస్తె మిలిటరోళ్ల రైఫిల్ లెక్కనే ఉన్నది. దుకాణపోడేమో పిస్తోలు అంటుండు. గిదెట్ల?" అని అడిగిండు. ఆ దుకాణపోడు చెప్పింది నిజమే. ఎట్ల నిజమో తెల్వాలంటె జర ఎనకకు పోవాలె, చట్టం పుస్తకంల నిర్వచనాలు చూడాలె. మన జిల్లాలకెల్లి ఇయ్యాల అమెరికకు పోయినోళ్లు ఒకరిద్దరు కాదు. వాళ్లకు ఇది ముచ్చట కోసం కాదు, అక్కరకొచ్చే సంగతి.

చట్టం ఏమడుగుతది?

అమెరిక కేంద్ర సర్కారు చట్టం తుపాకిని చూసి మొదలు అడిగేది ఒక్కటే. దీన్ని ఎట్ల పట్టుకొని కాల్చేతందుకు తయారుచేసిండ్రు?

ఒక్క చేత్తోని పట్టుకొని కాల్చేతట్టు తయారుచేస్తె అది పిస్తోలు. దాని పిడి పొట్టిగ ఉంటది, గొట్టానికి కింద వంపుగ దిగుతది. భుజానికి ఆనించి కాల్చేతట్టు తయారుచేస్తె అది రైఫిల్. రైఫిల్ గొట్టం లోపట మెలికలు తిరిగిన గీతలుంటయ్, వాటితోని తూటా బొంగరం లెక్క తిరుక్కుంట సక్కగ పోతది. పిస్తోలు గొట్టంల కూడ ఇవే గీతలుంటయ్. అంటె రెండిటికి నడుమ అసలు తేడా భుజమే.

రెండో ప్రశ్న పొడుగు గురించి. రైఫిల్ గొట్టం 16 ఇంచుల కంటె తక్కువ ఉండొద్దు. రైఫిల్‌ను కోసి గాని మార్చి గాని చేసిన తుపాకైతె మొత్తం పొడుగు కూడ 26 ఇంచుల కంటె తగ్గొద్దు. మన లెక్కల చెప్పాలంటె, 16 ఇంచులంటె మూరెడుకు రెండు ఇంచులు తక్కువ. 26 ఇంచులంటె మూర మీద జానెడు, అందుల ఒక ఇంచు తీసేయాలె. గీ కొలతల కంటె తగ్గిందంటె అది షార్ట్ బ్యారెల్డ్ రైఫిల్, అంటె పొట్టి గొట్టం రైఫిల్ అయితది. షాట్‌గన్‌కు ఇసొంటి రూలే ఉన్నది గని దాని గొట్టానికి హద్దు 18 ఇంచులు.

ఇప్పుడు మూడు తుపాకులు పక్కపక్కన పెట్టుకొని చూడుండ్రి. మొదటిదానికి గొట్టం 10 ఇంచులు, మడమ లేదు. అది పిస్తోలు. దుకాణంల నేరచరిత్ర తనిఖీ అయినంక కొనుక్కొని ఇంటికి తీసుకపోవచ్చు. రెండోదానికి గొట్టం 16 ఇంచులు, మడమ ఉన్నది. అది రైఫిల్. దానికీ అదే పద్ధతి. మూడోదానికి గొట్టం 10 ఇంచులు, మడమ ఉన్నది. ఇది పొట్టి గొట్టం రైఫిల్. దీనికి ఏటీఎఫ్ అనే కేంద్ర సంస్థకు దరఖాస్తు పెట్టాలె. ఫొటో, వేలిముద్రలు ఇయ్యాలె. మంజూరు అయిందాంక ఆగాలె. తుపాకి నంబరు, మనిషి పేరు సర్కారు రిజిస్టర్‌ల ఎక్కుతయ్. మూడిట్లకెల్లి ఎల్లేది ఒకటే తీరు తూటా కావచ్చు. మొదటిదానికి, మూడోదానికి నడుమ తేడా వెనకాల ఉన్న ఆ మడమ ఒక్కటే.

మా దోస్తు కొడుకు చూసింది మొదటి రకం. ఏఆర్-15 అనే రైఫిల్ తీరుగనే తయారుచేసి, గొట్టం పొట్టిగ పెట్టి, మడమ లేకుంట అమ్ముతరు. ఆకారం రైఫిల్‌ది, కాయితం మీద పేరు పిస్తోలు.

కొలిచే పద్ధతి కూడ చెప్త. ముందుగాల తుపాకి ఖాళీగ ఉన్నదని చూసుకొని, తూటా ఉండే గది వెనకాల బోల్టు మూస్తరు. మూతికెల్లి ఒక సన్నటి కట్టెపుల్ల బోల్టుకు తాకేదాంక దింపుతరు. మూతి కాడ గుర్తు పెట్టి పుల్లను బయటికి తీసి కొలుస్తరు. మూతికి ఏదన్నా తొడుగు ఉంటె, అది ఊడరాకుంట వెల్డింగ్ అసొంటిది చేసి ఉంటెనే గొట్టం లెక్కల కలుపుతరు. మర తిప్పితె ఊడొచ్చేది లెక్కల రాదు. పుల్ల మీద అర ఇంచు తక్కువ పడ్డా అది పొట్టి గొట్టమే.

గీ గీత ఎవరు గీసిండ్రు?

ఇంత పట్టింపు ఎక్కడికెల్లి వచ్చింది? దీని పుట్టుక 1934లున్నది.

అమెరికల 1920 నుంచి 1933 దాంక మద్యనిషేధం ఉండె. దొంగ సారా దందాల కోట్లు గడించిన ముఠాలు షికాగో అసొంటి పట్నాలల్ల ఒకళ్లనొకళ్లు చంపుకునేటోళ్లు. 1929 ఫిబ్రవరి 14న షికాగోల ఒక గ్యారేజీల ఏడుగురిని గోడకు నిలబెట్టి కాల్చి చంపిండ్రు. థాంప్సన్ మెషిన్ గన్లు వాడిండ్రు. ఇగ 1933 ఫిబ్రవరిల మయామిల ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ మీద కాల్పులు అయినయ్. ఆయన అప్పటికి గెలిచిండు గని ఇంకా గద్దెనెక్కలేదు. ఆయనకు దెబ్బ తగల్లేదు గని పక్కనున్న షికాగో మేయర్ ఆంటన్ సెర్మాక్ తూటా తగిలి తర్వాత చచ్చిపోయిండు. ఆ కాల్చినోని చేతిలున్నది రివాల్వర్, అంటె చేతి తుపాకి. గీ ముచ్చట యాదిల పెట్టుకోండ్రి.

రూజ్‌వెల్ట్ అధ్యక్షుడైనంక ఆయన అటార్నీ జనరల్ హోమర్ కమింగ్స్ తుపాకుల మీద ఒక చట్టం తెచ్చేతందుకు నడుం కట్టిండు. తుపాకులను నేరుగ బంద్ పెట్టే అధికారం కేంద్రానికి ఉన్నదా లేదా అని రాజ్యాంగం కాడ అనుమానం. అందుకే పన్ను తొవ్వ పట్టిండ్రు. ఫలానా తీరు తుపాకి చేతులు మారితె 200 డాలర్లు పన్ను కట్టాలె, పేరు రాయించుకోవాలె. అప్పట్ల ఒక థాంప్సన్ గన్ ధరే రమారమి అంత ఉండె. పేరుకు పన్ను, అసలు మతలబు ఎవరూ కొనకుంట చేసుడు.

ఆ బిల్లు మొదటి ముసాయిదాల మెషిన్ గన్లతోని పాటు పిస్తోళ్లు, రివాల్వర్లు కూడ ఉండె. బట్టలల్ల దాచుకొని తిరిగే తుపాకే నేరగాళ్లకు అక్కరకొస్తదని వాళ్ల ఆలోచన. ఆ లెక్కన చూస్తె పొడుగు తుపాకిని కోసి పొట్టిగ చేసుడు కూడ బందు కావాలె. లేకుంటె ఏమయితది? పిస్తోలు దొరకనోడు ఇంట్లున్న రైఫిల్ గొట్టం రంపంతోని కోసి కోటు లోపట పెట్టుకుంటడు. దొడ్డి దర్వాజ మూయకుంట ముంగట దర్వాజకు తాళం వేస్తె ఏం ఫాయిదా?

అయితె నేషనల్ రైఫిల్ అసోసియేషన్, ఇంకా మస్తుమంది పిస్తోళ్ల మీద పన్ను వద్దని పట్టుబట్టిండ్రు. కాంగ్రెస్‌ల వాళ్ల మాట నెగ్గింది. పిస్తోళ్లు, రివాల్వర్లు బిల్లులకెల్లి పోయినయ్. పొట్టి రైఫిళ్లు, పొట్టి షాట్‌గన్లు మాత్రం చట్టంల ఉండిపోయినయ్. 1934 జూన్ 26న రూజ్‌వెల్ట్ సంతకం పెట్టిండు. దాని పేరు నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్.

గీడ ఆగి ఆలోచించుండ్రి. ముంగట దర్వాజ తీసి పెట్టిండ్రు, దొడ్డి దర్వాజకు తాళం అట్లనే ఉంచిండ్రు. జేబుల పట్టే పిస్తోలు ఎవరన్నా కొనుక్కోవచ్చు. దానికంటె రెండింతలు పొడుగున్న, కోటు లోపట దాచేతందుకు తిప్పలయ్యే పొట్టి రైఫిల్‌కేమో వేలిముద్రలు, రిజిస్టరు, జైలు. అమెరికల హత్యలు లెక్క తీస్తె, ఏ రకం తుపాకో తెలిసిన కేసులల్ల చానామటుకు చేతి తుపాకులతోనే అయితయ్. అన్ని రకాల రైఫిళ్లు కలిపినా ఆ లెక్కల చిన్న పాలే. ఇది తుపాకులు కావాలనేటోళ్లు, వద్దనేటోళ్లు ఇద్దరూ ఒప్పుకునే ముచ్చట. అయినా తొంభై ఏండ్లసంది గీత అక్కడనే ఉన్నది.

పైంగ ఆ కొలత కూడ ఏం వేదం కాదు. మొదట్ల రైఫిల్‌కు కూడ 18 ఇంచులనే పెట్టిండ్రు. 1960ల 16 ఇంచులకు తగ్గించిండ్రు. 17 ఇంచుల గొట్టమున్న అదే రైఫిల్ సవరణకు ముందు నేరం కింద లెక్క, తర్వాత మామూలు తుపాకి.

పుట్టుకను బట్టి లెక్క

ఇంకో చిత్రం చూడుండ్రి. ఒక తుపాకి ఇప్పుడెట్లున్నదనే కాదు, మొదలు ఏదిగ పుట్టిందని కూడ చట్టం అడుగుతది.

థాంప్సన్ సెంటర్ ఆర్మ్స్ అనే కంపెనీ కంటెండర్ అనే పిస్తోలు చేసేది. దానితోపాటు ఒక కిట్టు అమ్మేది. కిట్టుల 21 ఇంచుల గొట్టం, ఒక మడమ ఉంటయ్. రెండూ బిగిస్తె న్యాయమైన రైఫిల్ అయితది. కాని ఎవడన్నా పిస్తోలు పొట్టి గొట్టాన్ని అట్లనే ఉంచి మడమ ఒక్కటే బిగిస్తె? పొట్టి గొట్టం రైఫిల్ అయితది. గట్ల చేసే అవకాశమున్నది కాబట్టి కిట్టు అమ్ముడే పొట్టి రైఫిల్ చేసినట్టని సర్కారు పన్ను అడిగింది. కేసు సుప్రీంకోర్టు దాంక పోయింది. 1992ల కోర్టు కంపెనీ దిక్కు తీర్పు ఇచ్చింది. ఆ ముక్కలతోని న్యాయమైన పని కూడ చెయ్యొచ్చు కదా, చట్టంల మాట రెండు తీర్ల అర్థమైతె, తప్పితె జైలుశిక్ష ఉన్నప్పుడు ఆ అనుమానం సర్కారుకు కాదు, ఎదుటి మనిషికి అక్కరకు రావాలె అన్నది. ఇది ఏ దేశంల చట్టం చదివేటోళ్లయినా యాది పెట్టుకోవాల్సిన సూత్రం.

తర్వాత 2011ల ఏటీఎఫ్ ఇంకో రూలింగ్ ఇచ్చింది. పిస్తోలుగ పుట్టిన తుపాకిని 16 ఇంచుల రైఫిల్‌గ మార్చి, మల్ల పిస్తోలుగ మార్చుకోవచ్చు. కాని రైఫిల్‌గ పుట్టినదాన్ని పిస్తోలుగ మారిస్తె తప్పు, అది రైఫిల్‌ను కోసి చేసిన ఆయుధం కింద లెక్క. అచ్చం ఒకే తీరుగ ఉన్న రెండు తుపాకులు బల్ల మీద పెడితె, ఒకటి న్యాయం, ఇంకొకటి నేరం కావచ్చు. కంటికి తేడా కానరాదు. ఫ్యాక్టరీ కాయితాలల్లనే ఉంటది.

చెయ్యికి కట్టే పట్టీ

ఇగ దగ్గరి కాలానికి వద్దాం. 2012ల సైన్యంల పనిచేసిన ఒకాయన, అవిటితనం ఉన్న తన దోస్తు ఏఆర్ పిస్తోలును ఒక చేత్తోని ఆపలేకపోతుండని చూసి, ముంజేతికి కట్టుకునే పట్టీ ఒకటి తయారుచేసిండు. దాన్ని స్టెబిలైజింగ్ బ్రేస్ అంటరు. తుపాకి వెనకాల బిగిస్తరు, ముంజేయి దాంట్ల దూర్చి పట్టీ కట్టుకుంటరు. ఏటీఎఫ్ చూసి, ఇది తగిలించినా పిస్తోలు పిస్తోలే అని ఉత్తరం రాసిచ్చింది.

ఇగ చూడు, జనం పట్టీ కట్టుకునుడు మానేసి దాన్ని నేరుగ భుజానికి ఆనించిండ్రు. మడమ పనే చేసింది అది. 2015ల ఏటీఎఫ్, భుజానికి ఆనిస్తె తుపాకిని మార్చినట్టే అన్నది. 2017ల ఆ మాటను సడలించింది. ఒక వస్తువును ఎట్ల చేసిండ్రన్నది లెక్కనా, ఎట్ల వాడుతున్నరన్నది లెక్కనా? గీ ప్రశ్నకు జవాబు ఏడాదికోతీరు మారింది. అప్పటిదాంక లక్షలమంది కొనుక్కున్నరు.

మల్ల నెత్తురు కారింది. 2019 ఆగస్టుల ఒహాయో రాష్ట్రం డేటన్‌ల ఒకడు తొమ్మిది మందిని, 2021 మార్చిల కొలరాడో రాష్ట్రం బౌల్డర్‌ల ఒక కిరాణా సూపర్ మార్కెట్‌ల ఇంకొకడు పది మందిని కాల్చి చంపిండ్రు. రెండు చోట్లా వాడింది ఇసొంటి పట్టీ ఉన్న ఏఆర్ పిస్తోలే. అప్పటి బైడెన్ సర్కారు కొత్త రూలుకు దిగింది. మొదలు ముసాయిదాల పరీక్ష పేపర్‌కు మార్కులు వేసినట్టు, తుపాకి బరువుకు ఇన్ని, పొడుగుకు ఇన్ని అని పాయింట్ల పట్టిక పెట్టిండ్రు. ఆఖరికి ఆ పట్టిక తీసేసి 2023 జనవరిల వేరే తీరు రూలు తెచ్చిండ్రు. దాని ప్రకారం చానామటుకు పట్టీ తుపాకులు పొట్టి గొట్టం రైఫిళ్లే. మే 31 లోపట పేరు రాయించుకోవాలె, లేకుంటె పట్టీ తీసెయ్యాలె, లేదా తుపాకి అప్పజెప్పాలె. ఏటీఎఫ్ సొంత అంచనానే అసొంటివి 30 లక్షలని. పేరు రాయించుకున్నది రెండున్నర లక్షల చిల్లరకే.

రూలు కోర్టుకెక్కింది. 2024 జూన్‌ల టెక్సాస్‌ల ఒక ఫెడరల్ జడ్జి దాన్ని మొత్తానికే కొట్టేసిండు. జనం ముంగట పెట్టిన ముసాయిదా ఒకటి, ఆఖరికి తెచ్చింది ఇంకొకటి, పైంగ మామూలు మనిషి చదివి తన తుపాకి ఏ ఖానాల ఉన్నదో తేల్చుకోలేడు అన్నది తీర్పు సారం. అంటె ఒక పెద్దమనిషి ఇంట్ల మూలకు పెట్టిన తుపాకి 2022ల పిస్తోలు, 2023ల రూలు కాయితం మీద రైఫిల్, 2024ల మల్ల పిస్తోలు. తుపాకి ఉన్నకాడనే ఉన్నది.

2025ల ఇంకో మలుపు. ఆ ఏడాది జూలై 4న ట్రంప్ సంతకం పెట్టిన పెద్ద బిల్లుల, పొట్టి గొట్టం రైఫిళ్లకు ఉన్న 200 డాలర్ల పన్నును సున్న చేసిండ్రు. 2026 జనవరి 1 నుంచి అమలు. పేరు రాయించుకునుడు మాత్రం అట్లనే ఉన్నది, జైలు కూడ ఉన్నది. పన్ను అధికారం మీద నిలబెట్టిన చట్టంల పన్నే లేకుంటె రిజిస్టర్ ఎందుకని అప్పుడే దావాలు పడ్డయ్.

ఇంచుల కొట్లాటల పోయిన పానాలు

ఇదంత లాయర్ల తిరకాసు అని తీసిపారెయ్యకుండ్రి. ఐడహో రాష్ట్రంల రూబీ రిడ్జ్ అనే గుట్ట కాడ 1992 ఆగస్టుల ఏమైందో వినుండ్రి. ఒకాయన గొట్టం కోసిన రెండు షాట్‌గన్లు సర్కారు వేగుకు అమ్మిండని కేసు. 18 ఇంచుల కంటె పొట్టిగ ఉండుడే నేరం. ఆయన కోర్టు తారీఖుకు పోలేదు. ఆయనకొచ్చిన ఒక ఉత్తరంల తారీఖే తప్పు పడింది. ఆఖరికి సాయుధ బలగాలు ఆ గుట్ట మీద ఇంటిని పదకొండు రోజులు చుట్టుముట్టినయ్. ఆయన 14 ఏండ్ల కొడుకు, పెండ్లాం, ఒక సర్కారు మార్షల్, ముగ్గురు చచ్చిపోయిండ్రు. మరుసటేడు జ్యూరీ ఆ తుపాకుల కేసుల ఆయన నిర్దోషి అన్నది. కోర్టుకు రానందుకు మాత్రం శిక్ష పడ్డది. కొన్ని ఇంచుల ఇనుము మీద మొదలైన కేసు, మూడు పీనుగుల కాడ తేలింది.

మనోళ్లకు దీంట్ల ఏమున్నది?

ఇగ అమెరికల చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు జర మనసు పెట్టి చదువుండ్రి. మీకు పిస్తోలా, పొట్టి రైఫిలా అన్న ప్రశ్న కంటె ముందే ఇంకో గీత ఉన్నది. ఎఫ్-1 మీద చదివేటోళ్లు, హెచ్-1బీ మీద కొలువు చేసేటోళ్లు నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నోళ్లు. కేంద్ర చట్టం ప్రకారం వాళ్లు తుపాకి గాని తూటాలు గాని దగ్గర పెట్టుకోవద్దు. మినహాయింపులు కొన్నే ఉన్నయ్. అందుల మనోళ్లకు ఎక్కువ ఎరుకైనది, ఏదన్నా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ చెల్లుబాటుల ఉండుడు. గ్రీన్ కార్డు వచ్చినోళ్లకు ఈ అడ్డు లేదు. గీ రూలు తప్పితె 2022 సవరణ నుంచి శిక్ష 15 ఏండ్ల దాంక ఉన్నది. తుపాకి నేరం రుజువైతె దేశంకెల్లి పంపే కారణం కూడ అయితది.

"కొనలేదన్నా, రేంజ్‌ల కిరాయికి తీసుకొని నాలుగు తూటాలు కాల్చిన, ఫొటో దిగిన, గంతే" అంటరు మనోళ్లు. 2019ల అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన రెహైఫ్ తీర్పు అసొంటి కేసే. యూఏఈకెల్లి ఫ్లోరిడాకు చదువుకోను వచ్చిన విద్యార్థి ఆయన. మార్కులు సక్కగ రాక యూనివర్సిటీ తీసేసింది, దాంతోని వీసా స్టేటస్ పోయింది. తర్వాత షూటింగ్ రేంజ్‌కు పోయి కాల్చిండు. కేసు పెట్టిండ్రు, కింది కోర్టుల శిక్ష పడ్డది. తన స్టేటస్ పోయిందని ఆయనకు ఎరుకేనని సర్కారు రుజువు చెయ్యాలె అని సుప్రీంకోర్టు అన్నది. అది ఆయనకు ఊరట. కాని రేంజ్‌ల కాసేపు చేతిల పట్టుకున్నందుకే ఏండ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగిండన్నది మరువొద్దు. పైంగ వేట లైసెన్స్ మినహాయింపు వీసా సక్కగ ఉన్నోళ్లకే. స్టేటస్ పోయినోళ్లకు అది కూడ లేదు.

వేట లైసెన్స్ ఉండి పిస్తోలు న్యాయంగ కొనుక్కున్నోళ్లు కూడ ఒకటి చూసుకోవాలె. ఆన్‌లైన్‌ల మడమ ఒకటి చవకగ దొరికిందని తెచ్చి బిగిస్తె ఖానా మారుతది. బిగించకున్నా, పొట్టి గొట్టం తుపాకి, దానికి సరిపోయే మడమ ఒకే ఇంట్ల ఉండి, వాటితోని వేరే న్యాయమైన తుపాకి తయారయ్యే తొవ్వ లేకుంటె తిప్పలే. రాష్ట్రాల చట్టాలు వేరు. మనోళ్లు ఎక్కువుండే కాలిఫోర్నియా, న్యూజెర్సీలల్ల పొట్టి గొట్టం రైఫిల్ మామూలు జనానికి కేంద్రం కాయితం ఉన్నా కుదరది.

మన దేశం లెక్క వేరు

మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ఉన్నది. లైసెన్స్ లేకుంట ఏ తుపాకీ పట్టుకోవద్దు, అది పిస్తోలైనా రైఫిలైనా. మన చట్టం భుజం గురించి అడగది, బోరు గురించి అడుగుతది. 9 ఎంఎం పిస్తోలు నిషేధిత బోరు, .32 పిస్తోలుకు మామూలు లైసెన్స్ దొరకొచ్చు. గొట్టం కోసుడు మాత్రం మన దగ్గర కూడ నేరమే. ఆరో సెక్షన్ ప్రకారం లైసెన్స్ లేకుంట తుపాకి గొట్టం పొట్టిగ చెయ్యొద్దు, బొమ్మ తుపాకిని నిజం తుపాకిగ మార్చొద్దు. 2019 సవరణ తర్వాత దానికి శిక్ష తక్కువల తక్కువ ఏడేండ్లు, ఎక్కువల ఎక్కువ యావజ్జీవం. ఎయిర్ గన్ మార్చుడు, నాటు తుపాకి కోసుడు అనుకుంట యూట్యూబ్‌ల వీడియోలు చూసేటోళ్లు ఈ అంకె యాదిల పెట్టుకోండ్రి.

నా మాట ఏందంటె, చట్టం దేనికి భయపడుతుందో దాని మీదనే గీత గీయాలె. దాచుకునే తుపాకికి భయపడితె పిస్తోలును వదిలిపెట్టి పొట్టి రైఫిల్‌ను పట్టుకునుడు అర్థం లేని పని. భుజానికి ఆనించి గురి చూసి కాల్చే తుపాకికి భయపడితె 10 ఇంచులది నేరం, 16 ఇంచులది న్యాయం అనుడు కూడ అంతే. పొడుగు గొట్టం తూటా వడి పెంచుతది గని తగ్గియ్యదు. బౌల్డర్‌ల పానాలు పోయినోళ్ల ఇండ్లల్ల ఎవరూ గొట్టం ఎన్ని ఇంచులని అడగరు. ఇంట్ల తుపాకి ఉన్న మామూలు మనిషికేమో తను నేరగాడో కాదో తెల్వాలంటె లాయరు కావాలె. ఇద్దరికీ అక్కరకు రాని గీత అది. పిస్తోళ్ల మీద మాట్లాడే దమ్ము 1934ల లేకపోయింది, ఇప్పటికీ లేదు. అందుకే ఇంచుల మీద కొట్లాడుతున్నరు.

ఇది అమెరిక రోగం అనుకోకుండ్రి. మన దగ్గర రైతుబంధు వచ్చినప్పుడు రైతు అంటె ఎవరు అన్న ఒక్క మాట కాడనే అంతా తేలిపోయింది. పట్టా ఉన్నోడు రైతన్నరు. నాగలి పట్టి, అప్పు తెచ్చి, చెమటోడ్చిన కౌలుదారు ఆ లెక్కల రాలే. పేరు రైతుది, పైసలు పట్టాదారువి. గందుకే ఏ చట్టమొచ్చినా, ఏ పథకమొచ్చినా మొదలు నిర్వచనాల పేజీ తీసి చదువుండ్రి. ఎవరిని లోపటికి తీసుకున్నరు, ఎవరిని బయట నిలబెట్టిండ్రు, ఎవరు పట్టుబడితె ఆ మాట మారిందని అడుగుండ్రి. మిగిలిన పేజీలు తర్వాత చదువుకోవచ్చు.